ఊ కొట్టినవాడు

పోర్టు గేటు ఎదుటి టీకొట్టు బల్ల మీద ఇద్దరు కలాసీలు కూర్చున్నారు. ఒకడు మాట్లాడుతుంటే రెండోవాడు టీ గ్లాసు పట్టుకుని ఊ కొడుతున్నాడు.

"నిన్న తాడు తెగి సత్యం కాలు మీద బస్తాలు పడ్డాయి కదా బావా."

"ఊ."

"రేపు ఎంక్వయిరీ. నన్ను సాచ్చిగా రమ్మన్నారు."

"నువ్వేటి సూసావు?"

"తాడు తెగడం సూసాను. పాత తాడు, పీచు లేచిపోయింది. కానీ మేస్త్రీ నాతో వేరేలా సెప్పాడు. సత్యం తాగొచ్చాడన్నాడు, ఊ అన్నాను. తప్పుకోమంటే ఇన్లేదన్నాడు, ఊ అన్నాను."

"మేస్త్రీకెందుకా అబద్ధం?"

"తాడు మార్పించాల్సినోడు ఆడే కదా!"

"మరి నువ్వెందుకు ఊ అన్నావు?"

"ఒప్పుకుని అన్నానేటి? పెద్దోడు మాటాడతంటే ఊ అనకపోతే పొగరనుకోడా? ఇంటన్నానని తెలీడానికి ఊ అన్నాను. ఇప్పుడు నేనూ అదే అన్నానని మేస్త్రీ ఆఫీసరుకి సెప్పేసాడు."

"రేపు నిజం సెప్పేయి."

"సెప్తే మేస్త్రీ నన్ను పనిలోకి రానిత్తాడా? సెప్పకపోతే సత్యం ఇంటి ముందు నుంచి ఎలా నడుత్తాను?"

"ఊ."

"నా ఒక్కడి మాట ఎవుడూ నమ్మడు. తాడు పాడైపోయిందని నిన్న పొద్దున్న నాకు సూపించింది నువ్వే కదా."

"ఊ."

"రేపు నాతో వచ్చి ఆ ముక్క నువ్వూ సెప్తావా?"

షిఫ్టు సైరను మోగి, ఆగిపోయింది.

"బావా, ఊ అనవేటి?"