ఎదురుకాళ్ళతో పుట్టినవాడు

ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్. అద్దానికి ఇవతల సౌండ్ ఇంజినీరు సృజన్. అవతల చీకటి గదిలో, మైకు ముందు, డబ్బింగ్ ఆర్టిస్టు పుష్పవల్లి. ఇద్దరూ మైకుల్లో మాట్లాడుకుంటున్నారు.

“అమ్మా, మల్ల ఆగిర్రు. ఏమైంది?”

“ఏం కాలేదు. ఇంకోసారి వెయ్ సృజన్.”

“తెర మీది పెదాలకు మాట మంచిగనే పడ్తుంది గానీ, ‘నా బిడ్డని’ అనే కాడ ఊపిరి తెగిపోతుంది. ఆడికి రాంగనే మీరు ఎడమ కాలు లేపుతుర్రు. అద్దంల నాకు కనబడ్తుంది.”

“లేపక ఏం చెయ్యను? పిర్ర దగ్గర్నుంచి మడమ దాకా ఎవరో నరం పట్టుకుని లాగుతున్నట్టుంది. నువ్వు సీను వెయ్.”

“జర కూసోర్రి అమ్మా. స్టూలున్నది కదా ఆడ.”

“కూర్చోను.”

“అయిదు నిమిషాలు...”

“కూర్చోనన్నానా? కూర్చుంటే ఒక రకం, నిలబడితే ఒక రకం, పడుకుంటే ఇంకో రకం. అన్నీ అయ్యాయి. బెల్టు కట్టాను, తైలం రాశాను, నేల మీద పడుకున్నాను. మావారు నన్ను లేపడానికి ఆయన నడుం పట్టేసింది.”

“నవ్వొస్తుంది గానీ నవ్వొద్దు. డాక్టర్ కాడికి పోయిర్రా?”

“ఏ డాక్టరు? ముగ్గురయ్యారు. మొదటాయన స్కానింగ్ చూసి, డిస్కు కాస్త జారింది గానీ దానికి ఇంత నొప్పి రాకూడదండీ అన్నాడు. రాకూడదంటే నేనేం చెయ్యను? ఆ మాటేదో నొప్పికే చెప్పమను. రెండో ఆవిడ సయాటికా అంది, బరువు తగ్గమంది, ఇంకో పేషెంటుని పిలిచేసింది. మూడో ఆయన...”

“ఆఁ, మూడో ఆయన?”

“ఏం పని చేస్తారండీ అని అడిగాడు. డబ్బింగ్ చెప్తానన్నాను. నవ్వాడు. అదీ సంగతి, అందుకే నొప్పి ఇంత బాగా చెప్తున్నారు అన్నాడు.”

“గట్లన్నడా!”

“అన్నాడు. ఇన్నేళ్ళూ ఎవరెవరి ఏడుపులో నేను ఏడ్చాను సృజన్. తెర మీద ఎవరికి నొప్పొచ్చినా నా గొంతే. ఇప్పుడు నా నొప్పి నేను చెప్పుకుంటే నటన అంటున్నారు. ఇంట్లోనూ అంతే. మూలిగితే, ఇంట్లో కూడా రిహార్సలా అంటారు మావారు.”

“మరి ఏం రాసిండు ఆ డాక్టరు?”

“అవే మాత్రలు. పొట్ట మండటం తప్ప ఏం లేదు. లేచి వచ్చేస్తుంటే ఇంకేదో చెప్పాడు లే.”

“ఏం జెప్పిండు?”

“ఏదో. లక్షలో ఒకళ్ళకి అవుతుందట. వదిలెయ్. సీను వెయ్.”

“భయపడ్తుర్రా అమ్మా?”

“భయం కాదా మరి? పడుకుంటే తెల్లారి లేస్తానా అని భయం. కాలి వేళ్ళు ఆడించుకుంటూ పడుకుంటా, ఉన్నాయా లేవా అని. నవ్వకు.”

“నవ్వుత లేను.”

“సరే గానీ, మొన్న మీ అమ్మ రాజమ్మ గారు నీకు బోరబండ నుంచి అన్నం డబ్బా తెచ్చారే, అప్పుడు నాతో ఒక మాట చెప్పారు.”

“ఏం జెప్పింది?”

“నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టావట.”

“ఆమెకేం పనిలేదు! ఆఁ, కాళ్ళు ముందల వచ్చినయంట. తన పానం మీదికి తెచ్చిన్నని ఇప్పటికీ తిడుతది.”

“నడుం పట్టేసిన వాళ్ళందరూ మీ గుమ్మంలో నిలబడేవాళ్ళట కదా, నీ చేత తన్నించుకోడానికి?”

“గప్పుడు నేను గింత పోరగాణ్ణి అమ్మా! తంతే బిస్కిట్ ప్యాకెట్ ఇచ్చేటోళ్ళు. తన్నిన. నాకేం తెల్సు?”

“తగ్గేదట?”

“తగ్గిందనేటోళ్ళు.”

“అయితే లోపలికి రా.”

“ఎందుకు?”

“మూడుసార్లు తన్ను. నవ్వడం లేదు నేను. మా పాలకొల్లులోనూ ఉంది ఇది. మా మేనత్త మంచం దిగలేకపోయేది. చాకలాయన కొడుకు వచ్చి తన్నాడు. మర్నాడు నీళ్ళు తోడుకుంది.”

“నేను తన్న. ఏంది అమ్మా గిది? పెద్దోళ్ళ మీద కాలు పెడ్తనా? పైగా డిస్కు జారిందంటుర్రు. నా తాపుకు ఇంకేమన్న అయితే?”

“మెల్లిగా తన్ను.”

“ఎర్రగడ్డల మా దోస్తు ఉన్నడు, ఫిజియో. మంచిగ చేస్తడు. సాయంత్రం పోదాం. నేనే బండి మీద...”

“బండి మీద నేను కూర్చోలేను సృజన్! కూర్చోలేననే కదా చెప్తున్నా! ఇవాళ ఈ సీను అవ్వకపోతే రేపు కొత్తమ్మాయి చేత చెప్పిస్తానన్నారు డైరెక్టర్ పృథ్వీరాజ్ గారు. పోనీ, సీను పోతే పోయింది. నాకు భయమేస్తోంది నాన్నా. అందరూ చూస్తున్నారు, ఎవరూ ఏం చెయ్యట్లేదు. నువ్వైనా ఏదో ఒకటి చెయ్యి.”

“ఏడ్వకుర్రి. అమ్మా, ఏడ్వకుర్రి. ఆగుర్రి... వస్తున్న. లోపలికి వస్తున్న.”

“రా. తలుపు వేసి రా.”

“గోడ పట్టుకున్నరా గట్టిగ?”

“పట్టుకున్నా.”

“చెప్పులు బయటనే ఇడిసిన. ఏడ తన్నాలె?”

“నడుం కింద. తుంటి మీద.”

“తిట్టొద్దు మల్ల.”

“తిట్టను. కళ్ళు మూసుకున్నా. కానియ్.”

“దేవుడా... ఒకటి.”

“ఊఁ.”

“రెండు. మూడు. అమ్మా? అయిపోయింది.”

“అయిందా?”

“అయింది. ఎట్లుంది? మాట్లాడుర్రి!”

“పోయింది.”

“ఏంది పోయింది?”

“నొప్పి. పోయింది సృజన్! లాగుడు లేదు. ఏమీ లేదు. ఒళ్ళు తేలిపోయినట్టుంది!”

“నిజంగనా? నా తోడు?”

“నీ తోడు! చూడు, గోడ వదిలేశా. మీ అమ్మ చల్లగా ఉండాలి. నిన్ను ఎదురుకాళ్ళతో కన్న తల్లికి చీర పెట్టాలి నేను.”

“హమ్మయ్య! నా గుండె ఆగినంత పనైంది. ఉండుర్రి, కాళ్ళు మొక్కనియ్యుర్రి. తన్నిన్నని తప్పు పట్టకుర్రి.”

“సరే సరే, లే. వెళ్ళి సీను వెయ్. ఈ ఊపులో చెప్పేస్తా.”

“పోతున్న. ఆఁ, కూసున్న. హెడ్‌ఫోన్ పెట్టుకుర్రి. ఇనబడుతుందా?”

“వినబడుతోంది. వెయ్.”

“రోలింగ్.”

“‘మీ కాళ్ళు పట్టుకుంటానయ్యా! నా బిడ్డని వదిలెయ్యండయ్యా! వాడికేం తెలియదయ్యా!’”

“అబ్బబ్బ! ఏం జెప్పిర్రమ్మా! ఒక్క దెబ్బకు ఓకే. చేతుల మీద వెంట్రుకలు లేచినయి చూడుర్రి. పృథ్వీ సార్‌కు ఇప్పుడే పంపిస్తున్న. తర్వాతది వేస్తున్న, పోలీస్ స్టేషన్...”

“ఆగు.”

“నొప్పా?”

“నొప్పి లేదన్నాగా. లోపల లైటు వెయ్యకు.”

“ఎయ్యలే.”

“వెయ్యకు. ఆఫీసులో మనోజ ఉందా?”

“ఉన్నది. ఎందుకు?”

“ఒకసారి పంపించు. తువ్వాలు ఏదైనా ఉంటే తెమ్మను.”

“ఏమైంది?”

“నీళ్ళు ఒలికాయి.”

“మైకు రూములకు నీళ్ళు తీస్కపోరు కదా అమ్మా. ఎవ్వరినీ తీస్కపోనియ్యం.”

“ఒలికాయన్నానా? మనోజని పంపించు!”

“ఏం నీళ్ళమ్మా? అమ్మా, ఇనబడ్తుందా?”

“నీళ్ళు కావు.”

“మరి?”

“చీర తడిసింది సృజన్. తెర వెలుగులో కింద కార్పెట్ మెరుస్తుంటే చూశాను. చూస్తే గానీ తెలియలేదు నాకు. ఎప్పుడైందో కూడా తెలియలేదు.”

“నేనొస్తున్న.”

“నువ్వు రాకు! మనోజని పంపించు. నువ్వు అంబులెన్స్‌కి చెయ్.”

“అంబులెన్సా? అమ్మా, ఏమైతుంది మీకు? నాకేం సమజైత లేదు!”

“ఆ డాక్టరు నేను లేచి వచ్చేస్తుంటే చెప్పింది ఇదే. నొప్పికి రానక్కర్లేదమ్మా, ఓర్చుకోండి, కానీ ఎప్పుడైనా మూత్రం తెలియకుండా పోతే మాత్రం ఆ నిమిషమే పరిగెత్తుకు రండి, ఆలస్యమైతే కాళ్ళు తిరిగి రావు అన్నాడు. తొందరగా చెయ్ నాన్నా. మాటల్లో పెట్టకు.”

“మనోజా! ఓ మనోజా! తువ్వాలు తీస్కొని లోపలికి ఉరుకు! అమ్మ కాడ ఉండు!... హలో, ఆఁ, ఫిల్మ్ నగర్, గుడి కింద గల్లీల... నడుము, నడుము! ఆడమనిషి! జల్ది రార్రి... అమ్మా, చెక్‌పోస్ట్ కాడ ఉన్నదంట బండి. వస్తుంది. నిలబడే ఉన్నరా?”

“గోడకి ఆనుకున్నా. మోకాళ్ళు నావిలా లేవు.”

“పడకుర్రి. మీ సారుకు కూడా ఫోన్ చేస్తున్న.”

“చెయ్. రిహార్సల్ కాదని చెప్పు.”

“నేనే చేసిన అమ్మా. నేనే. గప్పుడు పోరగాని కాలు, ఇప్పుడు ఇంత మనిషి కాలు, గంత తెలివి లేకపాయె నాకు! డిస్కు మీదనే తగిలి ఉంటది. మంచిగ నడిచొచ్చిన మనిషిని...”

“ఏడవకు. నీ వల్ల కాదు.”

“నా మనసు కోసం అంటుర్రు.”

“కాదు బాబూ. పొద్దున వెంగళరావు నగర్ నుంచి వస్తుంటే ఆటోలో కూర్చున్న సీటు నాకు తెలియలేదు. చేత్తో తడిమి చూసుకున్నా, ఉందా లేదా అని. భయమేసి ఎవరికీ చెప్పలేదు. నొప్పి తగ్గుతోందేమోలే అనుకున్నా. అలా అనుకుంటేనే ఊపిరాడింది.”

“మరి నేను తన్నంగనే పోయిందన్నరు! తేలిపోయినట్టుంది అన్నరు! నా తోడన్నరు!”

“లాగుడు పోయిన మాట నిజం. గోడ పట్టుకునేసరికే పోయింది. నువ్వు లోపలికొచ్చి చెప్పులు ఎక్కడ విడిచావో చెప్తున్నావు, అప్పటికే.”

“మరి తాపు? గట్టిగ తగిలిందా? నిజం చెప్పుర్రి అమ్మా, నేను తట్టుకుంట. మూడుసార్లు తన్నిన కదా, ఏది గట్టిగ తగిలింది?”

“నాకు ఒక్కటీ తగల్లేదు సృజన్. నువ్వు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మాత్రం వినబడింది.”