రాణిని ఇచ్చేసింది

చదరంగం పోటీ జరుగుతున్న హాలు బయట, గాజు తలుపుకి ముక్కు ఆనించి ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు లోపల ఆడుతున్న పిల్ల తల్లి. ఇంకొకరు ఆ పిల్లకి ఆట నేర్పిన మాస్టారు.

"ఇచ్చేసింది! చూశారా చెల్లెమ్మా, ఇచ్చేసింది!"

"ఏమిచ్చింది మాస్టారూ? నాకు అన్నీ ఒక్కలాగే కనబడుతున్నాయి."

"రాణిని! తీసుకెళ్ళి ఆ ఎదుటి పిల్ల బంటు నోటికాడ పెట్టింది. మన పిల్లకి గండుచీమ అని ఊరికే పేరు పెట్టానా నేను?"

"రాణి పోతే... ఇక ఓడినట్టేనా?"

"మామూలు వాళ్ళకైతే ఓడినట్టే. మన పిల్లకి కాదు."

"కాదా?"

"అదేంటమ్మా, అలా నీరుగారిపోయారు? కాదంటే సంతోషించాలి గానీ."

"సంతోషమే. సంతోషమే మాస్టారూ. ఇప్పుడు ఆ పిల్ల మన రాణిని తీసుకుంటుందా?"

"తీసుకుంటే చచ్చిందే! కిందటి పోటీలో ఇదే పిల్ల, ఇదే ఆశ. ఎదురొచ్చిన రాణిని గుటుక్కున మింగింది. కళ్ళు మూసి తెరిచేలోగా ఆట కట్టు. ఆ దెబ్బ మర్చిపోతుందా?"

"ఈసారి తీసుకున్నా అలాగే అవుతుందా?"

"అదే చూస్తున్నా. ఉండండి... రాణి పోయాక ఏనుగు ఇటొస్తుంది... రాదు, అక్కడ గుర్రం అడ్డం. పోనీ శకటు... ఉండండి, ఉండండి. ఏదో ఉంటుంది. అది ఊరికే ఇచ్చే రకం కాదు."

"ఊరికే ఇచ్చిందేమో."

"ఏంటి?"

"ఏం లేదు. ఆ పిల్ల తీసుకోవట్లేదేం మరి?"

"భయం. చూడండి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకు కూచుంది. ఎక్కడ ఆశకి చెయ్యి జారుతుందోనని."

"తీసుకో తల్లీ, తీసుకో..."

"ఏమంటున్నారు?"

"దేవుణ్ణి తలుచుకుంటున్నా."

"అదిగో, రాజుని పక్కకి జరిపింది! రాణి జోలికే పోలేదు. చెప్పానా? మళ్ళీ మన పిల్ల వంతు."

"దాని మొహమేంటి అలా ఉంది?"

"ఆలోచన."

"కాదు మాస్టారూ. అది ఏడుపు ఆపుకుంటున్న మొహం. కింది పెదవి లోపలికి లాక్కుంది చూడండి. కన్నదాన్ని, నాకు తెలీదా?"

"గెలిచే ఆటలో ఏడుపెందుకు... ఆగండి. మళ్ళీ! మళ్ళీ ఇస్తోంది! ఈసారి గుర్రం కాళ్ళ దగ్గర పెట్టింది. ఇదేంటి? దీనికి అర్థం లేదే! ఇక్కడ పెడితే తీసుకుంటారు, అంతే. చీపురుపుల్లంత లాభం లేదు. ఏమైంది దీనికి? జ్వరం గానీ ఉందా? పొద్దున ఏమన్నా తిందా?"

"తింది."

"రాత్రి నిద్రపోయిందా?"

"పోలేదు."

"ఎందుకని?"

"నేను పోనివ్వలేదు."

"మీరు పోనివ్వకపోవడమేంటి?"

"గొంతు తగ్గించండి మాస్టారూ. అటు తిరగకండి. ఆ కిటికీ దగ్గర మా ఓనరు గారున్నారు. ఎదురుగా ఆడుతున్నది వాళ్ళమ్మాయే."

"మీ కుట్టుమిషన్ల షెడ్డు ఓనరా? అయితే ఏంటట? చదరంగం బల్లకి ఓనరు కాదుగా."

"నిన్న నా మిషను దగ్గరికొచ్చారు. ఎన్నడూ రాని మనిషి. నేను కాజాలు కుట్టుకుంటున్నాను. 'రేపు మీ అమ్మాయీ మా అమ్మాయీ ఎదురెదురట గదా! మాది ఈసారి గెలవకపోతే ముద్ద ముట్టదు' అన్నారు."

"మామూలు మాటేగా."

"వినండి. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, 'మీరుండే గది గోడకి చెమ్మెక్కిందట. ఖాళీ చేయిస్తే బాగుచేయించొచ్చు' అన్నారు. నవ్వుతూనే అన్నారు. మా గది షెడ్డు వెనకదే మాస్టారూ. పనీ ఆయనదే, గూడూ ఆయనదే."

"అందుకని? పిల్లని ఓడిపొమ్మన్నారా?"

"మాస్టారూ..."

"అడుగుతున్నాను. దాన్ని ఓడిపొమ్మన్నారా?"

"కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఎవరికీ అనుమానం రాకూడదమ్మా అని కూడా చెప్పాను. అది, 'అయితే రాణిని ఇచ్చేస్తాలే. నాకది అలవాటేగా. ఎప్పట్లాగే తెగించింది, ఈసారి దెబ్బతింది అనుకుంటారు' అంది. అని గోడవైపు తిరిగి పడుకుంది."

"ఎంత పని చేశారమ్మా! పసిదాని చేత... ఉండండి, నేను లోపలికి వెళ్తా."

"వెళ్ళి ఏం చెప్తారు?"

"మనసు పెట్టి ఆడమని చెప్తా."

"అలాగే రేపట్నించి మేమెక్కడ పడుకోవాలో కూడా చెప్పి రండి."

"అది..."

"చెప్పండి మాస్టారూ."

"లోపలికి ఎవర్నీ పోనివ్వర్లెండి. పోనిచ్చినా నా దగ్గరేముంది చెప్పడానికి? నేనుండేదే మా బావమరిది ఇంట్లో, మెట్ల కింద."

"చూడండి, చూడండి. తీసుకుందా?"

"లేదు. రాణి వంక చూస్తూ కూచుంది. పిచ్చిపిల్లా! ఎరా లేదు, వలా లేదు, ఒట్టి రాణి. తీసుకోవే!"

"మీరూ అదే అంటున్నారే."

"ఏం చెయ్యమంటారు? రాణిని ఇచ్చి ఎదుటివాళ్ళ గుండెల్లో రాయి వెయ్యమని నేర్పింది నేనేగా. ఇప్పుడా రాయి మన నెత్తిన పడేట్టుంది."

"అంటే?"

"ఆ పిల్ల గడియారం చూడండి. టైం అయిపోవస్తోంది. గుడ్లప్పగించి కూచుంది గానీ చెయ్యి కదపదు."

"అయిపోతే?"

"అయిపోతే గెలుపు మనదే. రాణి ఉన్నా, ఊడినా."

"వద్దు మాస్టారూ, వద్దు. ఏదో ఒకటి చెయ్యండి. తలుపు కొట్టండి. మన పిల్లకి ఒంట్లో బాలేదని చెప్పండి."

"ఇప్పుడా? చెల్లెమ్మా, చెయ్యి తియ్యండి, గాజు పగులుతుంది! అందరూ చూస్తున్నారు."

"మన పిల్లేంటి, ఆ పిల్లకి ఏదో చెప్తోంది? పెదాలు కదులుతున్నాయి."

"ఆటలో మాట్లాడకూడదు. 'ఆడు' అంటోంది... 'ఆడు, ఆడు' అంటోంది. అయ్యో నా తల్లీ!"

"కళ్ళు మూసుకుందే ఆ పిల్ల!"

"అయిపోయింది."

"ఏది?"

"టైం. మనమే గెలిచాం."

"ఓనరు గారు?"

"లేరు. కిటికీ దగ్గర ఎవరూ లేరు."

గాజు తలుపు తెరుచుకుంది. పిల్ల వచ్చి, తల్లికి కాస్త దూరంలోనే ఆగిపోయింది.

"కొట్టకమ్మా."

"కొట్టనే. ఎందుకు కొడతాను? ఇలా రా."

"నువ్వు చెప్పినట్టే చేశాను. ఒకసారి ఇచ్చాను, మళ్ళీ ఇచ్చాను. ఇంకేం ఇవ్వను? రాజుని ఇవ్వనివ్వరుగా."

"ఊరుకో తల్లీ. నీ తప్పేం లేదు. నీ ఆట తెలుసు గనక భయపడింది ఆ పిల్ల."

"భయపడలేదు."

"భయపడకపోతే తీసుకోదా? మాస్టారు కూడా అన్నారు. ఇంతకీ చెయ్యి కలుపుతూ నీ చెవిలో ఏదో అంది, చూశాను. తిట్టిందా?"

"తిట్టలేదు."

"మరి?"

"'నువ్వెన్నిసార్లు ఇచ్చినా నేను తీసుకోనే. గెలిస్తే మా నాన్న నన్ను పెద్ద కోచింగని ఊరుగాని ఊళ్ళో హాస్టల్లో పడేస్తానన్నాడు. నేను ఓడిపోడానికే వచ్చా' అంది."