ఆగకూడని పెట్టె

చార్మినార్ దగ్గరి బ్యాంకులో, 2003 వేసవిలో, కంప్యూటర్ గది గుమ్మం దగ్గర మేనేజరమ్మ, ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ మాట్లాడుకుంటున్నారు.

"చెప్పులతోనే రండి. విప్పాలన్న రూలు ఎప్పుడో పోయింది."

"అచ్ఛా. అరే, కంప్యూటర్ లోపలి ఫ్యాను జామైంది మేడమ్, డబ్బా మస్తు గరమైంది. బంద్ చేయుండ్రి, మార్చేస్త."

"అమ్మో, ఆపకండి! నిరుడు ఒక్కపూట ఆగితే బజారంతా చెక్కులు, జీతాలు, పింఛన్లు అన్నీ ఆగిపోయాయి."

"గీ ఒక్క డబ్బాకేనా?"

"దీనికే. చేసిన కంపెనీ మూతపడింది. అప్పుడు లేపిన ఇంజనీరుగారు కూడా పోయారు. ఈసారి ఆగితే లేస్తుందో లేదో ఎవరికీ తెలీదు."

"అంటే... నడుస్తుండంగనే చెయ్యి పెట్టాల్నా?"

"మీ చెయ్యి మంచిదన్నారు, అందుకే పిలిపించా."

"జర ఉండుండ్రి మేడమ్."

"అదేంటి, వెళ్లిపోతున్నారు?"

"లేదు మేడమ్. చెప్పులు బయట విడిచొస్త."