గాలి పెట్టని లోయ

అలా చేతి గడియారం చూసుకుంటూ నిలబడితే నేనేం చేయనండీ? ఎప్పుడు చూసినా అదే వరస. ఎడమచేయి గుండెల దాకా ఎత్తి, తల కాస్త వంచి, ఇంకా ఎంతసేపు అన్నట్టు. ఈ తెరమీద మిమ్మల్ని ఎటు తిప్పినా, ఆఖరికి వెనకనుంచి చూసినా సరే, ఆ విసుగే ముందు కనబడుతుంది. ఉన్నన్నాళ్ళూ టీ చల్లారిపోతోందని విసుక్కున్నారు. పోయాక కూడా తొందరేనా మీకు?

ఇవాళ ఆ తొందరే నా పరువు తీసింది.

చెబుతాను, వినండి. అందరూ భోజనాలకు వెళ్ళారు. గదిలో ఉన్నది నేనూ, మీరూ, ఈ మిషన్ల రొదా. సాయంత్రంలోగా షాట్ అప్పగించాలి. అప్పగించేముందు మీతో ఒక మాట తేల్చుకోవాలి కదా.

పొద్దున ప్రివ్యూ వేశారు. అదేనండీ, గొర్రెపిల్ల బొమ్మల సినిమా. మనుషులంతా మందలతో లోయ విడిచి వెళ్ళిపోతారు. తప్పిపోయిన పిల్ల ఒక్కటే వెనక్కి వస్తుంది. వచ్చి చూస్తే కొండ, గడ్డి, సాయంత్రపు ఎండ. ఎవరూ ఉండరు. ఆ ఎవరూ లేని లోయను కంప్యూటర్లో కట్టింది నేను. రాళ్ళకు నాచు పట్టించాను, గడ్డిని అక్కడక్కడ ఎండబెట్టాను. దూరపు కొండలు నునుపు అన్న సామెత ఉంది చూశారూ, ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళెవరో దాన్ని అక్షరాలా పాటించారు. కెమెరాకు దూరమయ్యేకొద్దీ కొండల గరుకు అదే తగ్గించేస్తుంది. నేను ఆ నునుపును ఒప్పుకోక మళ్ళీ గరుకు పెట్టుకుంటాను. మీరు నవ్వేవారు, నీ కొండలకు ముసలితనం కూడా నువ్వే ఇస్తావని.

బొమ్మ పడింది. ఎండ కొండ భుజంమీదినుంచి జారి గడ్డిమీద పరుచుకుంటోంది. వెనకెవరో ఆహా అన్నారు కూడా. అప్పుడు డైరెక్టరు చేయెత్తి ఆపమన్నాడు. మన అల్లుడి ఈడువాడు, మంచివాడే. ‘మేడం’ అనకుండా నాతో మాట మొదలుపెట్టడు.

“మేడం, ఆ నీడ ఎవరిది?”

చూద్దును కదా, ఏటవాలు పొడుగునా పల్చగా సాగిన మనిషి నీడ. మనిషి మాత్రం లేడు. మడిచిన మోచేయి, వంచిన తల. గొర్రెపిల్ల దానిమీదుగా, వంతెన దాటినట్టు, తాపీగా నడిచి వెళ్ళిపోయింది.

వెనకవాళ్ళు ముందుకు వంగి చూశారు. చివరికి లైటింగ్ చూసే ఆయన పగలబడి నవ్వాడు. ఏముంది, అది మేడంగారి కొలతమనిషి, కొండ ఎత్తు తెలియడానికి పక్కన పెట్టుకునే బొమ్మ, కెమెరాకు కనబడకుండా దాచారు, నీడ దాచడం మరిచిపోయారు, ఈ పనిలో చేరిన మొదటి ఏడాది పిల్లలు చేసే పొరపాటు అన్నాడు. అందరూ హమ్మయ్య అని నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేయమంటారు?

మొదటి ఏడాది పిల్లలు చేసే పొరపాటట. కంప్యూటర్లు రాకముందు సినిమాల కోసం అద్దాలమీద కుంచెతో కొండలు వేసినదాన్ని నేను. ఈ ఆఫీసులో సగంమందికి పని నేర్పినదాన్ని. ఆ లైటింగ్ ఆయనకు తెరమీద సూర్యుణ్ణి ఎక్కడ పట్టుకుని లాగాలో చూపించింది నేనే. కాలం అండీ, కాలం. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు చూస్తున్నారు ఇప్పుడు నన్ను.

డైరెక్టరు మాత్రం నవ్వలేదు. ఇంకోసారి వేయమన్నాడు. చూశాడు. వెళుతూ వెళుతూ నా కుర్చీ దగ్గర ఆగి, తీసేయండి మేడం, అది ఎవరికోసమో చూస్తున్నట్టుంది, నాకు భయం వేసింది అన్నాడు.

నిజమేలెండి. ఈ సాఫ్ట్‌వేర్‌కు కొలతలు తెలుసు గానీ పెద్దా చిన్నా తెలియవు. చీమలపుట్టా కొండా దానికి ఒకటే ఆకారం. పక్కన మనిషిని నిలబెడితేనే కొండ కొండవుతుంది. అందుకేగా మిమ్మల్ని బతిమాలాను. గుర్తుందా, ఇదే గదిలో, ఆదివారం మధ్యాహ్నం. మిమ్మల్ని మధ్యలో నిలబెట్టి, ఫోను పట్టుకుని, మీ చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరుగుతూ ఫోటోలు తీశాను. వాటినుంచే ఈ బూడిదరంగు బొమ్మ తయారైంది. కదలకండి అని నేను, టీ చల్లారిపోతోందని మీరు. గడియారం చూసుకున్న ఆ ఒక్క క్షణమే నిలిచిపోయింది.

అప్పుడన్న మాట కూడా మరిచిపోలేదు. సర్వేయరుగా జన్మంతా ఎవరెవరి భూముల్లోనో కొలకర్ర పట్టుకుని నిలబడ్డాను, ఈ వయసులో పెళ్ళాం భూముల్లో నిలబడ్డం ఒక లెక్కా అన్నారు. వేల ఎకరాలున్నా నీకు పన్ను లేదు, హద్దు తగాదా లేదు, అదృష్టవంతురాలివి అన్నారు. చివర్లో, కాస్త మొహమాటంగా, నన్ను సినిమాలో కనబడనిస్తావా అని అడిగారు. మనిషి కనబడితే దృశ్యం చెడిపోతుందండీ అన్నాను. సరే, కొలిచేవాడు పటంలో ఎప్పుడు పడ్డాడు గనక అనేసి టీకి వెళ్ళిపోయారు.

మన పిల్ల కూడా చూసింది పొద్దున. చూడకుండా ఎలా ఉంటుంది, ఎడిటింగు దానిదే కదా. అందరూ నవ్వుతున్నప్పుడు అది గోడవైపు తిరిగి కూర్చుంది. తర్వాత వరండాలో, మంచినీళ్ళ మిషన్ దగ్గర పట్టుకుంది నన్ను. పొరపాటు జరిగిందే తల్లీ అన్నాను. నావంక ఎలా చూసిందనుకున్నారు? గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివరినుంచి వెనక్కి వచ్చే మనిషివి, నువ్వు మరిచిపోయావా అంది.

అని ఊరుకుందా? గొంతు తగ్గించింది.

“నాన్నని తీసెయ్యమ్మా. ఎవరూ లేనిచోట ఒక్కణ్ణే నిలబెట్టావు. అందరూ వెళ్ళిపోయారని ఆయనకి ఎవరూ చెప్పనట్టుంది.”

ఈ ఒక్క షాట్‌లోంచి కాదట. అన్ని బొమ్మల్లోకీ మిమ్మల్ని తెచ్చుకునే ఆ అసలు ఫైలే ఉండకూడదట. ఉంటే నువ్వు మళ్ళీ పెడతావు అంది. మీ పోలికే. నలుగురిలో మెత్తగా ఉంటుంది, హద్దు దగ్గర మాత్రం రాయి.

మీ దగ్గర దాపరికం దేనికి? మరిచిపోలేదండీ.

మీరు పోయాక, దినాలూ అవీ అయ్యాక, మళ్ళీ పనిలో కూర్చున్నాను. అలవాటు చొప్పున కొత్త కొండ పక్కన మిమ్మల్ని తెచ్చి పెట్టాను. సూర్యుణ్ణి పట్టుకుని తూర్పునుంచి ఇటు లాగాను. మీ కాళ్ళ దగ్గర నీడ మొలిచింది. నేను లాగినకొద్దీ కుంచించుకుపోయి, మీ కాళ్ళ కిందికి చేరి, మళ్ళీ అటువైపు బయలుదేరింది. ఇంట్లో మీ ఫోటోలు గోడకొకటి ఉన్నాయి. వాటిల్లో ఎప్పుడూ అదే ఎండ. ఇక్కడ మాత్రం పొద్దు తిరిగితే మీరు తిరుగుతున్నారు. కదలనివారిలో ఏదో ఒకటి కదిలింది. అది చాలదా?

ఇక్కడ రెండు గళ్ళుంటాయి. కెమెరాకు కనబడాలా అని ఒకటి, నీడ వేయాలా అని ఒకటి. మొదటిదాంట్లో టిక్కు తీసేశాను. రెండోది తీయలేదు. ఎన్ని సినిమాలు వెళ్ళిపోయాయో అలా. అన్నీ మిట్టమధ్యాహ్నాలు, మబ్బురోజులు. నీడ మీ కాళ్ళ కిందో, ఏ పొద చాటునో అణగిపోయేది. సాయంత్రం వేయమని ఎవరూ అడగలేదు ఇన్నాళ్ళూ. ఈ గొర్రెపిల్ల ఒకటి తగిలింది నా ప్రాణానికి.

పొరపాటని అందరూ అనుకున్నారు, అనుకోనిచ్చాను. పని రాదన్న మాటైనా పడతాను గానీ ఈ సంగతి నలుగురిలో ఎలా చెప్పను?

అయినా పిల్ల అన్నదాంట్లో తప్పేముంది. నేను రోజూ ఇంటికి వెళుతున్నాను. లైట్లు ఆర్పి, తాళం వేసి. మీరు చేయెత్తి అలాగే ఉంటున్నారు.

ఇదుగో, మీ ఫైలుమీద నొక్కితే తెర అడుగుతోంది. నిజంగానే తీసేయమంటారా అని. తీసేస్తే మళ్ళీ తిరిగి రాదు, సమ్మతమేనా అని రెండోసారి కూడా అడుగుతోంది. మర్యాద తెలిసిన సాఫ్ట్‌వేర్ అండీ. ఆసుపత్రిలో నన్నెవరూ ఇంత మర్యాదగా అడగలేదు.

ఇక చేయి దించండి. నొప్పి పుట్టలేదూ?

…

వచ్చాను. కాస్త ఆలస్యమైంది.

ఎటు చూసి మాట్లాడాలో తెలియడం లేదు. ఇప్పుడు మీరు తెరమీద లేరు కదా. సరే, మీరున్న చోటే చూసి చెబుతాను.

డైరెక్టరు వచ్చాడు. చూశాడు. హమ్మయ్య, ఇప్పుడు నిజంగా ఖాళీ అయింది మేడం అన్నాడు. అని, ముక్కు చిట్లించాడు. కొండేమిటి, పుట్టలా ఉంది? తగ్గించారా అన్నాడు. లైటింగ్ ఆయన అంకెలన్నీ తిప్పి చూపించాడు, వెంట్రుకవాసి కూడా మారలేదని. కానీ నిజంగానే పుట్టలా ఉందండీ. ఎవరో చేత్తో పోసిన మట్టికుప్పలా ఉంది. ఎవరూ చెప్పనక్కర్లేదు, నాకు తెలుసు ఏం పోయిందో. మీతోపాటు పోయింది ఎత్తు.

కొలతకు ఏదైనా పెట్టండి మేడం, ఓ రాతిగుడిసె, ఓ మోడుచెట్టు, మీ ఇష్టం అన్నాడు. ఒక్క అరగంట ఇమ్మన్నాను.

కర్ర పెట్టాను. మీ కొలకర్రే. ఎరుపూ తెలుపూ పట్టీలు, అంకెలు, పైన రేకు ఊడిన చోట మీరు చుట్టిన నల్లటేపు. ఇంట్లో తలుపుమూల రోజూ చూసేదే, చేయడానికి ఎంతసేపు? తీసుకెళ్ళి మీరు నిలబడ్డ చోటే నిలబెట్టాను. మీ కుడిచేయి ఎప్పుడూ సగం పిడికిలి బిగించి ఉండేది కదా, ఖాళీగా ఉన్నా సరే, ఏదో పట్టుకున్నట్టు. సరిగ్గా ఆ పిడికిలి ఉన్న చోట.

కొండ లేచి నిలబడింది.

డైరెక్టరు సంబరపడిపోయాడు. కొలిచి వెళ్ళిపోయినవాళ్ళు మరిచిపోయిన కర్రలా ఉంది మేడం, ఇప్పుడు ఖాళీకి ఒక కారణం వచ్చింది అన్నాడు. మంచి మాటే. కర్రకు మాత్రం కాస్త గాలి భలే కుదిరింది అన్నాడు.

అవును, కదులుతోంది. కాస్తంత ముందుకి, కాస్తంత వెనక్కి. మీరే చెప్పారు కదండీ. కంటిచూపుతో కర్రను నిటారుగా నిలపడం ఎవరి తరమూ కాదు, అందుకే మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపాలి, ఊగేటప్పుడు అన్నిటికన్నా తక్కువ చూపించిన అంకే నిజం అని. ఆ పని ఇంకొకరిని నమ్మి వదిలేవారు కాదు మీరు. అంకె చదివే యంత్రం దగ్గర సహాయకుణ్ణి పెట్టి కర్ర మీరు పట్టుకునేవారని ఆఫీసులో వేళాకోళం చేసేవారు కూడా.

లైటింగ్ ఆయన తెలివైనవాడు, నేర్పింది నేనే కదా. నా కుర్చీ పక్కకు వంగి, ఈ షాట్‌లో అసలు గాలే పెట్టలేదు మేడం, గడ్డి ఒక్క పరక కదలడం లేదు, కర్ర ఎలా ఊగుతోంది అన్నాడు. డైరెక్టరు విని, ఉండనివ్వండి, ముట్టుకోకండి అన్నాడు. ముట్టుకోలేదు.

మన పిల్ల వెనక నిలబడి చూస్తోంది. చిన్నప్పుడు ఆ కర్రను పొలంలో నిలబెట్టి చేయి వదిలేసేది, అది దభీమని పడేది, మీరు కసురుకునేవారు, కర్రకి మనిషి కావాలే అని. మరిచిపోయి ఉంటుందనుకున్నాను. అందరూ వెళ్ళేదాకా ఆగి, తెరమీదినుంచి కళ్ళు తిప్పకుండా అడిగింది.

“అమ్మా, ఎవరు పట్టుకున్నారు?”

గాలే తల్లీ అన్నాను.

తీసెయ్యమనలేదు. నా భుజంమీద చేయి వేసి, కాసేపుండి, వెళ్ళిపోయింది.

అంతేనండీ. షాట్ వెళ్ళిపోయింది. దేశంలో పిల్లలందరూ చూస్తారు. గాలి అనుకుంటారు. అనుకోనివ్వండి, మనకేం పోయింది? నేను టీకి వెళుతున్నాను, ఎప్పుడో చల్లారిపోయి ఉంటుంది. మీరు మాత్రం ఆ కర్ర వదలకండి.