స్టీరింగ్ ఆయిల్ మూత

ఏంట్రా, బానెట్ ఎత్తి అరగంటైంది, ఇంకా తొంగి చూస్తూనే ఉన్నావు? స్టీరింగ్ ఆయిలా? ఇంజన్ చల్లగా ఉందా? అయితే కింది గీత దాకా పొయ్యి, చాలు. పై గీత బండి వేడెక్కాక చూసేది. నవ్వకు. ముసలిదానికేం తెలుసనుకుంటున్నావేమో, మీ నాయనమ్మ నేర్పిందిరా నాకు. మా వదిన. అప్పట్లో ఓ తెల్ల డొక్కు కారుండేది, దాన్ని ఆవిడే నడిపేది. మీ తాతకి క్లచ్చేదో బ్రేకేదో తెలీదు, కోపం మాత్రం బండెడు. ఆవిడేమో పుల్లలా ఉండేది, సీట్లో దిండేసుకుని కూచునేది. రోజూ పొద్దున్నే మూత తిప్పి, దానికున్న పుల్లని మసిగుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసేది. గొట్టం ఎక్కడో కారేదిలే, రోజూ కాస్త పొయ్యాల్సిందే. "అమ్మాయ్, ఎర్రగా ఉంటే సరే, నల్లబడితే నాకు చెప్పు" అనేది. ఏం చెబుతున్నాను? ఆఁ, ఆ రోజు.

మూత మర్చిపోయిన మహాతల్లి అని మీ తాత ఆవిణ్ణి ఏడిపించేవాడని మీ నాన్న చెప్పే ఉంటాడు. అందరూ నవ్వుకునే కథే. నువ్విలా రా, కూచో. ఆ రోజు తెల్లారేసరికి మీ తాతకి కడుపులో నెప్పి, మనిషి మెలికలు తిరిగిపోతున్నాడు. కాంపౌండరొచ్చి చెయ్యేసి చూసి, "కొండ దిగి పెద్దాసుపత్రికి తీసుకుపోండమ్మా, మధ్యాహ్నం దాటిందంటే మన చేతిలో లేదు" అన్నాడు. "నువ్వు ఆయిల్ చూడు అమ్మాయ్, నేనీయన్ని లేపుతా" అంది వదిన. మూత తీశా, తుడిచా, చూశా, గీత దాకా పోశా, ఒట్టు. అంతలో లోపల్నించి మీ తాత ఒక్క కేక పెట్టాడు. బానెట్ దభీమని వేసేసి పరిగెత్తా. ఇద్దరం కలిసి ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టాం, కారు వెళ్ళిపోయింది. చేతులు కడుక్కుందామని మసిగుడ్డ విదిలిస్తే ఠంగుమని గచ్చు మీద పడింది. మూత.

అరిచా, పరిగెత్తా, ఎక్కడ అందుతుంది? పదహారు మలుపులురా ఆ కొండకి. వీధి చివర నిలబడ్డా, గుప్పిట్లో ఆ మూత. మా అన్నయ్యని నేనే చంపేశాను, వదిన్ని కూడా చంపేశాను, అదొక్కటే ఆలోచన. ఎంతసేపటికో ఓ లారీ పైకొచ్చింది, అడ్డం పడి ఆపా. "తెల్ల కారేనా? ముందు నించి పొగ కక్కుతోందండీ, ఆపమని ఎంత అరిచినా ఆవిడ ఆపలేదు" అన్నాడు డ్రైవరు. సాయంత్రం మందుల షాపుకి ఫోనొచ్చింది. "ఆపరేషనైంది, బతికాడు" అంది వదిన. "మరి కారో?" అన్నా. "మూడో మలుపుకే ఆయిలంతా పొంగి ఇంజన్ మీద పోయింది, స్టీరింగ్ మొండికేసింది. లాక్కొచ్చా" అంది. అంతే. మూత మాట ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

మీ తాత ఇంటికొస్తూనే ఇంతెత్తున లేచాడు, "ఎవరు చేశారీ పని?" అని. "నేనేలెండి, కంగార్లో మర్చిపోయా" అంది వదిన, నా వంకైనా చూడకుండా. మర్నాటి నించీ ఆయిల్ చూసే పని మొత్తం నాకే వదిలేసింది. మొండి స్టీరింగ్ తిప్పి తిప్పి పట్టేసిన ఆవిడ కుడి భుజం మాత్రం మళ్ళీ పైకి లేవలేదు. పోయేదాకా ఆవిడకి నేనే తల దువ్వా. పంతొమ్మిదేళ్ళురా. రోజూ జడ అల్లుతూ ఇవాళ చెప్పేద్దాం అనుకోవడం, రిబ్బను కట్టేసి లేచిపోవడం.

ఏంటలా చూస్తావు? లే. ముందా గుప్పిట విప్పు. మూత ఏదీ?