మా నాయిన తంబూరికి కరెంటు పెట్టిన కత

"అవ్వా, రాక్ సంగీతానికి దోవ ఏసినోళ్ళలో అందరికన్నా పెద్దోళ్ళు ఎవురో రాసుకోని రమ్మన్నారు కాలేజీలో. తాతను అడిగితే, 'మీ అవ్వనడుగు, అంతా ఆమె కండ్ల ముందరే జరిగింది' అని నవ్వుతాండాడు."

నవ్వుతాడమ్మా, నవ్వక ఏం చేస్తాడు. చేసిందంతా తను చేసి, చెప్పే పని నా మీదికి తోసేది ఆయప్పకి పెండ్లైనప్పటి నుంచీ అలవాటే. నా మాటలు పట్టే ఆ ఫోను యాడ పెట్టినావు? చాటలో పెట్టొద్దు, నేను సెనిక్కాయలు వొలుస్తాంటే గలగలమని అదే ఇనపడతాది. ఆ దిండు మింద పెట్టు. నువ్వు గూడా నాలుగు కాయలు వొల్చు సహనా. చేతులు ఊరకే పెట్టుకోని నన్నే చూస్తాంటే నాకు మాట రాదు.

పెద్దోళ్ళు ఎవురంటే... నాకు ఆ పేర్లు నోరు తిరగవు. మీ తాతకీ తిరిగేవి కాదులే, ఇప్పుడు నీ ముందర గొప్పకు చెప్తాడు. రేడియోలో ఆ దొర పేరు చెప్పే లోపల గుర్రుమని సద్దు వొచ్చేది, సగం పేరు గాలికి పోయేది. అందుకని ఈయనే పేర్లు పెట్టుకున్నాడు. ఒకాయన గీరుగొంతాయన. ఇంకొకాయన గిటారును ఏడిపించేటోడు. నలుగురు కలిసి పాడేటోళ్ళుండారు చూడు, వాళ్ళు అన్నదమ్ములు. అన్నదమ్ములు కాదంట! మొన్న మొన్న మీ నాయిన చెప్తే తెలిసింది. ఇన్నేండ్లూ వాళ్ళు ఒక తల్లి బిడ్డలే అనుకోని, ఆ మహాతల్లి ఎంత పుణ్యం చేసుకునిందో అనుకుంటాంటి. ఇంకొకామె ఉండె, చర్చీ పాటలు పాడుకుంటా గిటారు వాయించేదంట. ఆ మొగోళ్ళలో సగం మంది ఆమెను చూసి నేర్చుకున్నోళ్ళే అంట. నీ పట్టీలో ఆమె ఉండాదా? లేదా? చూస్తివా మరి. ముందు రాసుకో.

అప్పుడు మేము చింతామణిలో ఉంటిమి. పెండ్లైన కొత్త. మీ తాత బస్‌ష్టాండు పక్కన రేడియో రిపేరి అంగట్లో పనిచేస్తాండె. అంగడంటే ఏమనుకుంటివి, లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయట నిలబడల్ల. ఎదురుగా హోటలు. మసాలా దోసె నాలుగణాలు... కాదు కాదు, అది నేను చిన్నపిల్లప్పుడు. అప్పటికి ఎనిమిదణాలు అయ్యింటాది. సరే, దోసె సంగతి ఇడిసిపెట్టు. రిపేరి అయిపోయిన రేడియోను ఈయన రెండు దినాలు ఇంట్లోనే పెట్టుకునేటోడు, పరీక్ష చేస్తాండానని. సొంతగాడొచ్చి అడిగితే, "ఇంకా కొంచెం గొణుగుతాండాదన్నా" అనేటోడు. గొణిగేది రేడియో యాడ, ఆ అన్న! సాయంత్రమైతే చాలు, ముల్లు తిప్పుకుంటా, చెవి పెట్టుకోని, ఆ ఇంగ్లీషు పాటలు. బెంగళూరుకు పోయి మెడ విరిగిన గిటారొకటి తెచ్చినాడు. కొయ్య అతికిచ్చి, పాత స్పీకరులోని అయస్కాంతం పీకి, దానికి సన్న రాగి తీగె చుట్టి తంతుల కింద బిగిచ్చినాడు. ఆ తీగె ఎన్ని చుట్లు చుట్టినాడో! ఒక కొస నేను పట్టుకోని కూచోవల్ల, పొయ్యి మింద చారు పొంగి పోతాన్నా గూడా కదలకూడదు.

ఆ పొద్దు ఆ తీగె చుట్టుకుంటా చెప్పె, "ఈ పాటలకంతా మొదులు యాడుండాదో తెలుసునా? పత్తి చేన్లల్లో. బానిసలుగా పెట్టుకున్న నల్లోళ్ళు ఎండలో పనిచేస్తా, కడుపులో దుక్కం తీరేకి పాడుకున్న పాటలుండాయే, వాటిలోనించే ఇదంతా వొచ్చింది" అని. నేనంటి, "అట్లయితే మా నాయిన బాయి కాడ కపిలి తోలేటప్పుడు ఎద్దుల ఎనక పాడేది గూడా ఆ జాతి పాటే కదా" అని. ఈయన నన్నొకసారి చూసి, "నీకేం తెలుసులే, తీగె గట్టిగా పట్టుకో" అనె. ఆ మాట గూడా రాసుకో.

మా నాయిన, అంటే నీకు ముత్తాత, గూళూరులో సేద్యం. బాయి కాడ ఎద్దులతో నీళ్ళు తోడుకుంటా పాడేటోడు, శనివారమైతే భజనలో తంబూరి పట్టుకోని తత్వాలు పాడేటోడు. గొంతు ఎత్తితే ఆ తట్టు ఊరికి ఇనపడేది. మనిషి మంచోడే గానీ రోసం. మీ తాతకీ రోసం. ఇద్దురూ ఒక మట్టితో చేసిన కుండలే, పక్కపక్కన పెడితే తగులుకోక ఏమైతాది.

తగులుకునింది మా చెల్లెలు పద్మ పెండ్లిలో. మొగపెండ్లోళ్ళు గుడిబండె నుంచి వొచ్చినారు. మెరవణిగె ఊరేగింపుకు ఎద్దులబండి సింగారిచ్చినారు, మైకుసెట్టు బాగేపల్లి నుంచి తెప్పిచ్చినారు. మీ తాత నాకు ముందే చెప్పె, "నేనూ ఒక పాట వాయిస్తా, ఎవురికీ చెప్పొద్దు, అందురూ బెదిరిపోవల్ల" అని. నేను చెప్పలేదు. నాదీ తప్పేనమ్మా. ఆ గిటారు నా చీరల పెట్టెలోనే దాపెట్టి తీస్కపోయినాము. బండి బయల్దేరింది, పెండ్లికొడుకు తలకు పేట చుట్టుకోని దర్జాగా కూచోనుండాడు. ఈయన గిటారును మైకుసెట్టుకు తగిలిచ్చి, పోయి పోయి ఆ గొట్టం స్పీకరు ముందరే నిలబడె. ఇంక చూడు, కుయ్‌‌మని... అబ్బా, అది కూతా అరుపా, ఇప్పుడు తలుచుకున్నా పండ్లు జుమ్మంటాయి. ఎద్దులు ఒక్క దూకు దూకి చేన్లకు పడె. బండి ఒక తట్టు ఒరిగె. పెండ్లికొడుకు పోయి రాగి గడ్డి వామిలో తలకిందులుగా పడె, కాళ్ళు మాత్రం బయట. దెబ్బ తగల్లేదులే దేవుడి దయతో. పేట మాత్రం ఎద్దు కొమ్ముకు తగులుకోని ఊరంతా తిరిగొచ్చింది.

బెదిరిపోవల్ల అనె కదా, బెదిరిపోయిరి!

నవ్వొద్దు, అప్పుడు నవ్వు రాలేదు. మొగపెండ్లోళ్ళు పెండ్లి వొద్దని లేచినారు. ఎవురికీ తల వొంచని మా నాయిన, నడి బజార్లో చేతులు జోడిచ్చుకోని నిలబడె. పద్మ లోపల ఏడుస్తాంది. ఎట్లనో సర్ది తాళి కట్టిచ్చినారు. అంతా అయినాక మా నాయిన మీ తాత కాడికి వొచ్చి, గట్టిగా గూడా అనలేదమ్మా, నెమ్మదిగా అనె, "ఏమప్పా, ఆ కూసే నీ పెట్టి నా గడప తొక్కకూడదు."

"పెట్టి యాడుంటే నేనూ ఆడనే మామా" అనె ఈయన.

"అట్లయితే సరి" అనె మా నాయిన.

అంతే. ఇంటికొచ్చినాక నేను అడిగితి, అంత మందిలో అట్ల ఎందుకు అరిపిస్తివని. "ఆ గిటారును ఏడిపించేటోడు కావాలనే స్పీకరు ముందర నిలబడి అట్ల అరిపిస్తాడే" అంటాడు. "ఆయన ముందర ఎద్దులు కట్టింటారా?" అంటి. దానికి ఏమంటాడో, కావాలంటే ఇప్పుడన్నా పోయి అడుగు.

అప్పుడు నాకు మూడో నెల. మొదటి కాన్పు పుట్టింట్లో కదా. మా నాయిన చెప్పి పంపిచ్చె, బిడ్డను రమ్మను, ఆయప్ప వొద్దు అని. నాకు పోవల్లనే ఉండె. మా అమ్మ చేతి ఊరిబిండి పచ్చడి, మా వాకిలి... నోట్లో నీళ్ళూ కండ్లల్లో నీళ్ళూ రెండూ వొచ్చేవి. అయినా పోలేదు. నా మొగుడ్ని వాకిట్లో నిలబెట్టే ఇంట్లో నేను మంచం మింద పండుకోని పథ్యం ఎట్ల తిందును? మీ నాయిన చింతామణి ఆస్పత్రిలో పుట్టె. మా అమ్మ ఎవురికీ చెప్పకుండా, కొంగులో మిరియాలూ వెల్లిపాయలూ మూట కట్టుకోని, రెండు బస్సులు మారి వొచ్చె. మా నాయిన మాత్రం రాలేదు. బిడ్డ బోర్లా పడె, పాకె, నడిచె. ఆయన చూడలేదు. మీ తాత ఆ కాలమంతా గిటారు ముట్టుకోలేదు, తెలుసునా? రోసానికి ఇంట్లో పెట్టుకున్నాడు గానీ గోడకు తగిలిచ్చి దుమ్ము పట్టనిచ్చె.

ఒకసారి మా అమ్మ వొచ్చి, పోయేటప్పుడు బస్సు ఎక్కుతా ఎక్కుతా అనె, "మీ నాయిన భజనకు పోయేది ఇడిసిపెట్టినాడమ్మే. తంబూరి అటక మింద పెట్టేసినాడు."

"ఎందుకు మా?"

"చెవులు పోయినాయి. శ్రుతి ఇనపడక తంబూరి ఒక దోవన, తనొక దోవన పాడుతాంటే, భజనలో ఎవురో నవ్విరంట. ఆ పొద్దు నుంచీ పాటా లేదు, మాటా లేదు. గోడకు ఆనుకోని కూచోనుంటాడు."

ఆ సాయంత్రం సంగటి పెడతా నేను ఈయనకు చెప్తి. ముద్ద మింగె, చేయి కడుక్కునె. కడుక్కోని, తుడుచుకుంటా అడిగె, "పొద్దున బాగేపల్లికి మొదటి బస్సు ఎన్నింటికి?"

బస్సులో వొడిలో పెద్ద రేడియో పెట్టుకోని ఆయన, బిడ్డను పెట్టుకోని నేను. బాగేపల్లిలో బస్సు మారి, గూళూరులో దిగి ఇంటి ముందరికి పోతే, మా అమ్మ చెప్పినట్లే మా నాయిన గోడకు ఆనుకోని కూచోనుండాడు. గడ్డం మాసిపోయి... అంత మనిషి ఇంతై ఉండాడు. ఈయన గడప తొక్కలేదమ్మా. తొక్కొద్దన్నాడు కదా! వీధిలోనే బండ మింద రేడియో పెట్టి, కరెంటు వైరు మాత్రం నా చేతికిచ్చి లోపల తగిలిచ్చమన్నాడు. మా అమ్మ తంబూరి దించి బయటికి తెచ్చిచ్చె. మా నాయిన లేచి నిలబడి, "దాన్నేం చేస్తాండావు, ఇడిసిపెట్టు" అని అరిచె. ఈయన తల ఎత్తలేదు. ఎండలో కూచోని, తంతుల కింద ఆ అయస్కాంతం బిగిచ్చి, తీగె అతికిచ్చి, రేడియో ఎనక తూటుకు తగిలిచ్చినాడు. గిటారు లోదేనమ్మా ఆ అయస్కాంతం. పీకి తెచ్చినాడు. నాకు గూడా చెప్పలేదు.

నేను మా నాయిన చేయి పట్టుకోని లాక్కోనొచ్చి, ఆ రేడియో మింద పెడ్తి. ఈయన తంతి మీటె.

మా నాయిన చేయి తీసేసుకునె. మళ్ళీ పెట్టె. వొంగి చెవి ఆనిచ్చె. ఎంతసేపు అట్లనే ఉండెనో. "మోగుతాండాది" అనె. మళ్ళీ, "ఒరే, మోగుతాండాదిరా!" తంబూరి గుంజుకోని తనే మీటె. రేడియోకుండే బిరడ ఏది తిప్పితే సద్దు పెరుగుతాదో కనుక్కోని, కడ దాకా తిప్పేసె. రేడియో తట్టుకుంటాదా? బర్రుమని, గుడ్డ చినిగినట్ల, అంత సద్దు. వీధి వీధంతా వొచ్చి నిలబడె.

"తగ్గిచ్చు మామా, సద్దు పగిలిపోతాండాది!" అని ఈయన చేతులతో సైగ చేసి అరిచె.

"పగలనీలేరా. పగిలితేనే నాకు ఇనపడేది" అనె మా నాయిన, కండ్లు మూసుకోని. ఇంక పాడె చూడు... ఇన్ని దినాల పాట కడుపులో పెట్టుకున్నాడు కదా. అది తత్వమో, కపిలి పాటో, ఆ బర్రుమనే సద్దు మింద ఎక్కి కూచునె గొంతు.

మీ తాత నా పక్కకొచ్చి చెవిలో అంటాడు, "ఏమే, ఆ దొరలు ఈ సద్దు కోసం స్పీకరు కాగితాలు బ్లేడుతో కోసుకుండిరంట. ఈయప్పకి ఒక్క నిమిషంలో దొరికిపాయె." అని పక్కకు తిరుక్కునె. కంట్లో దుమ్ము పడిందంట. ముందు రాత్రి వాన పడి నేలంతా తడిసుండె ఆ పొద్దు, దుమ్ము యాడిదో!

పాట అయినాక మా నాయిన కండ్లు తెరిచి ఈయన్ని చూసె. ఎండలో, బండ మింద, చెమటలు కార్చుకోని. అప్పుడనె, "ఏమప్పా, వీధిలో కూచోనుండావే, లోపలికి రా. ఆ పెట్టి గూడా తీస్కరా, ఎండకు పాడైతాది."

బిడ్డను ఎత్తుకునేది ఆ తరవాతే. ముందు పెట్టి, ఆమైన మనవడు. మీ నాయిన దానికి ఇంకా అలిగే ఉండాడు.

మళ్ళీ శనివారం నుంచీ భజనకు పోతాండె, తంబూరి చేతిలో, రేడియో బండిలో. పెద్దోళ్ళు కొందరు, "ఇదేం భజనప్పా, దేవుడు గూడా చెవులు మూసుకుంటాడు" అనిరి. మా నాయినకు ఇనపడితే కదా! కొన్నాళ్ళకు ఈయన్నీ గిటారుకు ఇంకొక అయస్కాంతం బిగిచ్చి తెచ్చుకోమనె. ఇద్దురూ పక్కపక్కన కూచోని వాయిస్తాంటే, మా పద్మ మొగుడు గుడిబండె నుంచి వొచ్చి ముందు వరసలో కూచోని, "ఎద్దుల్ని గట్టిగా కట్టేసి వొచ్చినా, వాయించన్నా" అనె. ఊరంతా పగలబడి నవ్వె. మా నాయిన ఎందుకు నవ్వుతాండారో తెలియకనే తనూ నవ్వె. ఉన్నన్నాళ్ళూ అట్లనే పాడుకోని పాయె. ఆఖరు దినాల్లో చేతులాడక, ఈయన మీటుతాంటే రేడియో మింద అరచేయి పెట్టుకోని ఊరకే ఉండేటోడు.

ఇప్పుడు మీ తాతకు చెవులు బాగానే ఉండాయి. నేను పిలిచినప్పుడు మాత్రమే ఇనపడవు.

ఏమ్మే, ఫోను ఆపినావా? ఇంకా అయితాండాదా? సరే, ఇంకొక మాట. మీ అమ్మ చెప్పింది, కాలేజీలో నువ్వు డ్రమ్ము కొడుతాండావంట, మొగపిల్లోళ్ళ మధ్యలో కూచోని. నాతో ఎందుకు దాపెట్టినావు? నేను తిడతాననుకుంటివా? పిచ్చిదానా. కొట్టు తల్లీ, బాగా కొట్టు. నీ చేతులు చల్లగుండ. పది మంది మెచ్చినా మెచ్చకున్నా, నీ సద్దు కోసం చెవి ఆనిచ్చేటోళ్ళు ఒక్కరన్నా నీకు దొరకల్ల, అంతే... ఇదో, ఈ కాయలన్నీ పుచ్చే వొచ్చినాయి చూడు ఈసారి... ఆ చాట ఇట్లా జరుపు...