నాలుగు చక్రాలకూ ముప్పై మూడే

అయ్యా, నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులు కూడా పోతాయి, మన్నించండి. స్టేషన్‌లో మీ ముందు నిలబడి సరిగా చెప్పలేకపోయాను. మీరే కాగితమిచ్చి రాయమన్నారు.

నా పేరు లిడియా. భర్త పేరు క్రాంతి కుమార్. వయసు ఇరవై రెండు. ఐదో తరగతి చదివాను. బోధన్‌లో ఉంటాం. నా భర్త మా సొంత కారు కిరాయికి నడుపుతాడు. సోమవారం, గురువారం మా వీధిలోని శంకరమ్మ గారిని నిజామాబాద్‌కు డయాలసిస్‌కు తీసుకెళ్తాం. ఆమెను చెయ్యి పట్టి దింపడానికి నేను వెంట వెళ్తాను.

మా కారులో స్టీరింగ్ వెనక చిన్న తెర ఉంది. నాలుగు చక్రాల్లో గాలి ఎంతుందో అందులో నాలుగు అంకెలు వస్తాయి. చక్రాల లోపలి సెన్సార్లు వాటిని పంపుతాయి. నా భర్త దారి మీద నుంచి కళ్లు తిప్పడు. అంకెలు చదివే పని నాది. బయలుదేరేటప్పుడు ముప్పై ఒకటి, ముప్పై రెండు ఉండేవి. నిజామాబాద్ చేరేసరికి టైర్లు వేడెక్కి ముప్పై నాలుగు, ముప్పై ఐదు అయ్యేవి. నాలుగూ ఒకేలా ఎప్పుడూ ఉండేవి కావు.

2024 నవంబర్ 2, శనివారం పదకొండు గంటలకు నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర భానుప్రసాద్ గారి దుకాణంలో నాలుగు కొత్త టైర్లు వేయించాం. పాత సెన్సార్లకు ఉండే వాల్వు మెడలు తుప్పు పట్టాయి, టైర్లతో పాటు అవీ కొత్తవి వేయాలని ఆయనే చెప్పాడు. సరే అన్నాం. బిల్లులో కొత్త సెన్సార్లు నాలుగు అని ఉంది, వాటికీ డబ్బు కట్టాం. బిల్లు దీనికి జత చేశాను.

ఆ రోజు నుంచి నాలుగు చక్రాలకూ ముప్పై మూడే. పొద్దున ముప్పై మూడు. మధ్యాహ్నం ముప్పై మూడు. గుంతల్లో పోతే డిక్కీలో ఏదో గలగలమనేది. జాకీ అనుకున్నాం.

నా భర్తకు చెప్పాను. "మంచిదే కదనే, ఎక్కువ లేదు తక్కువ లేదు" అన్నాడు. నేను ఊరుకోలేదు. 11వ తేదీ సోమవారం దుకాణానికి తీసుకెళ్లాడు. అంకెలు కదలడం లేదని నేనే చెప్పాను. బయటి మగవాళ్లతో నేను అంత మాట్లాడడం అదే మొదటిసారి.

"ఏం సదివినవమ్మా?" అన్నాడు భానుప్రసాద్.

"ఐదు."

"ఐదు సదివి నా పనికి పరీక్ష పెడ్తున్నవా? క్రాంతీ, మీ ఇంటామెకు ఇంట్ల పని లేదా? అంకెలు మంచిగొస్తే గూడ ఏడుస్తది."

దుకాణంలో అందరూ నవ్వారు. డిక్కీ తెరిచి చూడలేదు. చక్రం వైపు వంగి కూడా చూడలేదు.

14వ తేదీ గురువారం ఉదయం ఆరుంపావుకు బయలుదేరాం. ముందు ఎడమ టైరు కొంచెం కుంగినట్టు అనిపించి చెప్పాను. "లిడియా, గాలెంతుందో సదువు" అన్నాడు నా భర్త. తెరలో ఉన్నదే చదివాను. "నాలుగూ ముప్పై మూడు" అన్నాను. నా మాట నమ్మి బండి కదిలించాడు.

ఆరు నలభైకి ఎడపల్లి దాటాక ఆ టైరే పేలింది. కారు కల్వర్టు గోడకు గుద్దుకుంది. శంకరమ్మ గారి ఎడమ చెయ్యి విరిగింది. డయాలసిస్ సూదులు గుచ్చేది ఆ చేతికే. మంచం మీద కూడా ఆమె "నీ మొగడు మెల్లగనే నడిపిండు బిడ్డా" అన్నది. అయినా ఆమె కొడుకు ఫిర్యాదు చేశాడు. అజాగ్రత్తగా నడిపాడని నా భర్త మీద కేసు పెట్టి లైసెన్సు తీసుకున్నారు.

నిన్న సాయంత్రం నాలుగు గంటలకు మీ స్టేషన్ ఆవరణలో కానిస్టేబుల్ రాజారాం గారి ఎదుట పంక్చర్ పని చేసే అయ్యూబ్ అన్న ఆ టైరు చూశాడు. ఇనుప మొల దిగి ఉంది. "దీంట్ల గాలి రెండు దినాల సంది మెల్లగ పోయింది. సెన్సార్ ఏది? ఉత్త వాల్వే ఉన్నది" అన్నాడు. నాకు ఆ గలగల గుర్తుకొచ్చింది. స్టెప్నీ కింద వెతికితే జానెడు ప్లాస్టిక్ పైపు దొరికింది. రెండు వైపులా మూతలు, ఒక మూతకు గాలి కొట్టే వాల్వు. అయ్యూబ్ అన్న గేజీ పెట్టి చూసి నాకే చూపించాడు. ముప్పై మూడు. గాలి వదిలి మూత విప్పితే మెడలు తుప్పు పట్టిన మా పాత సెన్సార్లు నాలుగూ రాలాయి.

"తెరల అంకె టైరుది కాదు చెల్లె, గీ పైపుది" అన్నాడు.

అయ్యా, ఐదు చదివిన నాకు కనిపించిన తప్పు చేసినవాడికి తెలియదా? తెలిసే నవ్వాడు. ఆ అబద్ధం నా నోటితో నా భర్తకు చెప్పించాడు. కేసు పెట్టాల్సింది ఎవరి మీద?

పైన రాసింది నేను చూసింది, విన్నది, నా నోటితో చదివింది. ఈ కాగితం నా భర్త కూడా ఇంకా చూడలేదు. తిరిగి చదువుకుని సరిగా ఉందనే సంతకం చేస్తున్నాను.

ఒక్క మనవి. ప్రమాదం రోజు ఆసుపత్రిలో భయపడి "నాకేమీ తెలియదు" అన్నాను. మీవాళ్లు రాసుకుని సంతకం పెట్టించుకున్నారు. నాకు తెలుసు. ఆ కాగితం కాల్చేయండి. దీన్ని ఉంచండి.

లిడియా
16-11-2024, బోధన్